నేలమాళిగ నుంచి ముందు గదికి: ఆస్ట్రేలియా పబ్లిక్ గ్యాలరీల్లో ఆదివాసీ కళ

1959లో సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ ముంగిట 17 చెక్క స్తంభాలు వెలిశాయి. ఆస్ట్రేలియా ఉత్తర తీరానికి ఆవల ఉన్న మెల్విల్ దీవిలో తివీ జాతి కళాకారులు చేవగల మానును చెక్కి, ఎర్రమట్టి, పసుపుమట్టి, తెల్లసుద్ద, బొగ్గు రంగులతో వాటిపై చారలూ చుక్కలూ దిద్దారు. మనిషి పోయిన తరువాత జరిపే పుకుమాని కర్మకాండలో సమాధి చుట్టూ పాతే స్తంభాలివి. అప్పట్లో ఆ గ్యాలరీకి ఉప సంచాలకుడిగా ఉన్న టోనీ టక్సన్ ఆ దీవికి వెళ్ళి, పాత వస్తువులను ఏరుకుని తెచ్చే అలవాటుకు భిన్నంగా, బతికున్న కళాకారుల చేత గ్యాలరీ కోసమే వాటిని కొత్తగా చేయించారు. ఇవి మానవశాస్త్ర మ్యూజియంలో ఉండవలసినవి తప్ప ఆర్ట్ గ్యాలరీలో కాదన్న విమర్శ వెంటనే వచ్చింది.

ఆ విమర్శలోని తర్కాన్ని కొంచెం విప్పి చూడాలి. మానవశాస్త్ర మ్యూజియంలో ఒక వస్తువు ఒక జాతి మొత్తానికి నమూనాగా నిలుస్తుంది. చేసిన మనిషి పేరుతోగాని, చేసిన ఏడాదితోగాని అక్కడ పెద్దగా పని ఉండదు. అదే వస్తువు ఆర్ట్ గ్యాలరీకి వస్తే ఒక మనిషి ఆలోచన అవుతుంది. పేరు, కాలం, అంతకుముందు చేసిన పనులు, తోటి కళాకారులతో పోలికలు అన్నీ దాని వెంట వస్తాయి. కాబట్టి ‘ఇది మ్యూజియం సరుకు’ అనడం ఆ వస్తువును గురించి చెప్పిన మాటలా కనిపించినా, నిజానికి దాన్ని చేసినవారు ఈ కాలపు మనుషులు కారని తీర్పు చెప్పడమే. చేర్యాల పటాన్నీ శ్రీకాళహస్తి కలంకారీనీ హస్తకళల దుకాణంలోనే చూడటానికి అలవాటుపడిన తెలుగువారికి ఈ విభజన కొత్తగా ఏమీ అనిపించదు.

ఆ గ్యాలరీలోనే తరువాత జరిగిన మార్పులను గమనిస్తే, ఆదివాసీ కళకు దక్కిన గౌరవం ఎంతో భవనపు పటంలోనే చదువుకోవచ్చు. 1994లో ఆదివాసీ కళకు ప్రత్యేకంగా యిరిబానా అనే విభాగం తెరిచారు. సిడ్నీ ప్రాంతపు మూలవాసుల భాషలో ఆ మాటకు ‘ఇటువైపు’ అని అర్థం. ఆ దారి 28 ఏళ్ళపాటు పాత భవనంలోని అట్టడుగు అంతస్తుకే వెళ్ళింది. 2022 డిసెంబరులో పక్కనే కొత్త భవనం తెరిచినప్పుడు యిరిబానాను దాని ప్రవేశద్వారం దగ్గరికి, వచ్చినవారు మొట్టమొదట అడుగుపెట్టే గదికి మార్చారు. ఆ తరువాత రెండు భవనాలకూ ఆ నేల భాషలోనే పేర్లు పెట్టారు: ‘నీళ్ళను చూడటం’ అనే అర్థంలో కొత్తదానికి నాలా బడు అనీ, ‘నేలను చూడటం’ అనే అర్థంలో పాతదానికి నాలా నురా అనీ.

గది మారడం చిన్న విషయం కాదు, కానీ గది మారినంత మాత్రాన అధికారం మారినట్టు కాదు. ఏ పనిని ఎలా అమర్చాలి, దాని పక్కన పరిచయంగా ఏం రాయాలి, దేన్ని అసలు చూపకూడదు, అమ్మితే డబ్బు ఎవరికి చేరాలి అన్న విషయాల్లో ఆఖరి మాట ఎవరిదన్నది చూడకుండా, ‘ఆదివాసీ కళాకారులకు గ్యాలరీల్లో చోటు దొరికింది’ అని తేల్చేస్తే సగం కథ చెప్పినట్టే అవుతుంది. గత అరవై అయిదేళ్ళలో ఆస్ట్రేలియాలో జరిగిన అసలు పోరాటం చోటు కోసం జరిగినదానికన్నా ఆ ఆఖరి మాట కోసం జరిగిందే ఎక్కువ.

1988లో ఆస్ట్రేలియా తన ద్విశతాబ్దిని జరుపుకుంది. బ్రిటిష్ తొలి నౌకాదళం సిడ్నీ తీరాన దిగి 200 ఏళ్ళయిన సందర్భం అది. ఆదివాసులకు మాత్రం ఆక్రమణ మొదలైన రోజు. ఆ ఏడాదికి ముందే, దేశపు ఉత్తర కొసన మధ్య ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లోని రామింగినింగ్ ఊళ్ళో కళా సలహాదారుగా ఉన్న బంజలంగ్ జాతీయుడు జాన్ మండైన్‌కు వచ్చిన ఆలోచన మీద, 43 మంది కళాకారులు 200 బోలు దుంగలకు రంగులు వేశారు. చెదలు లోపలంతా తినేసిన మానును తెచ్చి, పోయినవారి అస్థికలను అందులో ఉంచి నిలబెట్టడం ఆ ప్రాంతపు ఆచారం. ఏడాదికొక దుంగ చొప్పున, తమ నేలను కాపాడుకోబోయి ప్రాణాలు పోగొట్టుకుని అంత్యక్రియలకైనా నోచుకోని వారందరికీ అవి స్మారకం. రెండేళ్ళకోసారి జరిగే సిడ్నీ బియన్నాలే అనే కళా ప్రదర్శనలో మొదట చూపిన ఈ ‘అబోరిజినల్ మెమోరియల్’ ఇప్పుడు కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియాలో శాశ్వతంగా ఉంది. 2022లో దాన్ని భవనం నడిమధ్యకు మార్చారు.

ఆ దుంగల మధ్య ఒక కాలిబాట ఉంటుంది. ఆ బాట గ్లైడ్ నది. నది పొడవునా ఏ వంశంవారి నేల ఎక్కడ ఉందో, ఆ వంశంవారి దుంగలు బాట వెంట అక్కడే నిలబడ్డాయి. రంగులు పొసిగాయా, ఎత్తులు కుదిరాయా అని చూసే క్యూరేటర్ (ప్రదర్శనకు పనులను ఎంచి అమర్చే నిపుణుడు) కంటికి ఇక్కడ పని లేదు. చూడటానికి వచ్చిన మనిషి కూడా దూరంగా నిలబడి చూసే ప్రేక్షకుడిగా ఉండిపోలేడు. బాటలో అడుగు పెట్టగానే వేరేవాళ్ళ శ్మశానంలో నడుస్తుంటాడు. ఒక దేశం పండుగ చేసుకుంటున్న ఏడాదిలో, ఆ దేశపు జాతీయ గ్యాలరీ సొమ్ముతోనే, ఆ పండుగ దాచిన మరణాలకు సమాధి కట్టించగలగడం మామూలు సంగతి కాదు. సమకాలీన కళలో స్థలాన్నే కళాఖండంగా మలిచే ప్రక్రియను గురించి ఎంతో రాశారు. ఆ ప్రక్రియ ఇంత నిండుగా, ఇంత అవసరమై కనిపించే చోట్లు అరుదు.

ఎమిలీ కామ్ ఉంగ్వరే విషయంలో పోరాటం మరో రూపంలో సాగింది. ఆమె సుమారు 1914లో మధ్య ఆస్ట్రేలియా ఎడారిలోని అల్హల్కర్ అనే చోట, అన్మచర్ జాతిలో పుట్టారు. 1977లో యుటోపియా అనే ఆదివాసీ ప్రాంతంలో మొదలైన బాతిక్ శిక్షణలో చేరి, వేడి మైనంతో గుడ్డ మీద గీయడం నేర్చుకున్నారు. కాన్వాసు మీద ఆక్రిలిక్ రంగులతో మొదటిసారి బొమ్మ వేసింది 1988లో, డెబ్బై దాటాక. 1996లో కన్నుమూసేలోగా, ఎనిమిదేళ్ళలో, దాదాపు 3,000 చిత్రాలు వేశారని చెబుతారు.

మెల్‌బోర్న్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాలో 1995 నాటి ఆమె చిత్రం ఒకటి ఉంది. వెడల్పు ఎనిమిది మీటర్లు, ఎత్తు దాదాపు మూడు మీటర్లు. నల్లటి కాన్వాసును నేల మీద పరిచి, దాని మీదే కూర్చుని, రెండు రోజుల్లో పూర్తి చేశారు. ఉన్నవి తెల్ల గీతలు మాత్రమే: సాగి, వంగి, ఒకదాని మీదుగా ఒకటి పాకి, ఎక్కడా ఆగకుండా అంచుల దాకా వెళ్ళిపోతాయి. అన్వెర్లార్ అనే దుంప తీగ నేల లోపల వేళ్ళు పరుచుకునే తీరు, దుంప ఊరినప్పుడు పైన మట్టి నెర్రెలు విచ్చే తీరు ఆ గీతల్లో ఉన్నాయి. ఆడవారు అవెల్యె అనే తమ కర్మకాండలో రొమ్ముల మీద, భుజాల మీద దిద్దుకునే చారలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ దుంప తీగ విత్తనాలనూ కాయలనూ ‘కామ్’ అంటారు. అంటే ఆమె పేరులోనే ఆ తీగ ఉంది. ఆ చిత్రాన్ని స్వీయచిత్రం అన్నా తప్పు లేదు.

చాలాకాలం విమర్శకులు ఈ గీతలను అమెరికన్ నైరూప్య చిత్రకళతో పోల్చి మెచ్చుకున్నారు. మెప్పుకోలులో దురుద్దేశం లేకపోవచ్చు, కానీ ఆ పోలిక వల్ల ఆమె పని మరొకరి కొలబద్దకు సరిపోయినంత మేరకే గొప్పదయింది. ఆమెను అడిగితే తన నేలనూ, దుంపనూ, బల్లినీ, గడ్డిగింజలనూ, ఈమూ పక్షినీ ఒక్కొక్కటిగా పేర్కొని, ఇవన్నీ కలిపే వేస్తానని చెప్పేవారు. 2023 చివర కాన్‌బెర్రాలో మొదలై, 2025 జూలైలో లండన్‌లోని ఆధునిక కళా మ్యూజియం టేట్ మోడర్న్‌కు చేరిన పెద్ద ప్రదర్శన ఆ జవాబునే ఆధారం చేసుకుంది. కాన్‌బెర్రాలో దానికి కెల్లీ కోల్, హెట్టీ పెర్కిన్స్ అనే ఇద్దరు ఆదివాసీ మహిళలు క్యూరేటర్లు. లండన్ ప్రదర్శనకూ కెల్లీ కోల్ బాధ్యత వహించారు. యుటోపియా ప్రాంతపు స్త్రీలతో కూర్చుని, ప్రతి చిత్రం వెనక ఉన్న పాటనూ నేలనూ తెలుసుకుని, దాని ప్రకారమే పరిచయాలు రాశారు. ఆమె పేరును ఇంగ్లీషులో ఏళ్ళ తరబడి రాస్తున్న వర్ణక్రమాన్ని కూడా ఆ భాష పలుకుబడికి దగ్గరగా సరిదిద్దారు.

ఆ పేరు గురించి ఒక్క మాట. ఉంగ్వరే అన్నది ఆమె ఒక్కరి పేరు కాదు. ఒక వరుసకు చెందినవారందరి పేరు. అది వింటే ఆమె ఎవరికి అక్క అవుతుందో, ఎవరికి తల్లి వరుసో, ఎవరితో పెళ్ళి కుదురుతుందో, ఎవరితో కుదరదో ఆ సమాజంలో అందరికీ తెలుస్తుంది. ఇంగ్లీషువారికి దీన్ని వివరించడానికి పెద్ద పటం గీయవలసి వస్తుంది. ఇంటిపేరు అడిగి వరుస తేల్చుకునే తెలుగువారికి అంత శ్రమ అక్కర్లేదు.

పబ్లిక్ గ్యాలరీ అనే వ్యవస్థ మూలంలోనే ఒక నమ్మకం ఉంది: కళ అందరిదీ, కాబట్టి అంతా అందరికీ చూపాలి. ఎడారి చిత్రకళ ఆ నమ్మకాన్ని నిలదీసింది. 1971లో పాపున్యా అనే స్థావరంలో పెద్దమనుషులు చిన్న చిన్న చెక్కపలకల మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే కళాకారుల సొంత సంస్థ ఏర్పడింది. ఆ తొలినాటి పలకల్లో కొన్నింటిలో, దీక్ష పొందిన మగవారు తప్ప మరెవ్వరూ చూడకూడని రూపాలు ఉన్నాయి. ఇరుగుపొరుగు జాతులవారు అభ్యంతరం చెప్పడంతో చిత్రకారులు ఆ రూపాలను వదిలేసి పద్ధతి మార్చుకున్నారు, కానీ అప్పటికే గీసిన పలకలు గ్యాలరీలకు చేరిపోయాయి. డార్విన్‌లోని మ్యూజియంలో అలాంటి తొలి పలకలు రెండు వందలకు పైగా ఉన్నాయి. 2017లో వాటితో ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు, పాపున్యా పెద్దలతో దీర్ఘంగా సంప్రదించి, వారు వద్దన్న పలకలను గోడకెక్కించలేదు. చూపకపోవడం కూడా గ్యాలరీ బాధ్యతల్లో ఒకటి అనే ఈ అవగాహన ఆదివాసీ కళ ప్రపంచ మ్యూజియంలకు నేర్పిన పాఠాల్లో చాలా విలువైనది.

ఆ బాధ్యత మరిస్తే ఏమవుతుందో 1994 నాటి ఒక కోర్టు తీర్పు చూపింది. జాతీయ గ్యాలరీ ప్రచురణలలోనూ, విద్యార్థుల కోసం అచ్చు వేసిన బొమ్మల సంపుటాల్లోనూ అనుమతితో ముద్రించిన ఆదివాసీ చిత్రాలను ఒక వ్యాపార సంస్థ వియత్నాం పంపి, తివాచీలుగా నేయించి అమ్మింది. వాటిలో బాండుక్ మరికా చిత్రం ఒకటి. పవిత్రమైన నీటిచెలమను, పూర్వీకుల గాథను చెప్పే బొమ్మ అది. తమ వంశం తరఫున దాన్ని వేసే హక్కు, కాపాడే బాధ్యత ఆమెవి. ఆ బొమ్మ జనం కాళ్ళ కిందికి వెళ్ళినా సొంతవారి ముందు జవాబు చెప్పుకోవలసింది ఆమే. ఫెడరల్ కోర్టు కళాకారులకు దాదాపు 1,88,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం విధించి, దాన్ని తమ ఆచారం ప్రకారం పంచుకునే వీలు కల్పించింది. కాపీరైటు చట్టం ఒక్కొక్క మనిషినే యజమానిగా చూస్తుంది. ఆ బొమ్మలకేమో వంశమంతా యజమాని. ఆ అంతరాన్ని న్యాయస్థానం కొంతవరకే పూడ్చగలిగింది.

డబ్బు సంగతి ఇంకా స్పష్టం. ఎడారి చిత్రకారుడు క్లిఫర్డ్ పోసమ్ 1977లో వేసిన ‘వార్లుగులాంగ్’ అనే పెద్ద కాన్వాసు మొదట అమ్ముడైంది 1,200 డాలర్లకు. 2007లో అదే చిత్రాన్ని వేలంలో 24 లక్షల డాలర్లకు నేషనల్ గ్యాలరీ కోసం కొన్నారు. పోసమ్ 2002లోనే పోయారు. ఆ సొమ్ములో కుటుంబానికి వాటా ఇవ్వాలన్న నిబంధన అప్పటికి లేదు. వెయ్యి డాలర్లూ ఆపైన ధర పలికే మలివిడత అమ్మకాల్లో 5 శాతం కళాకారుడికో వారసులకో చెల్లించాలన్న చట్టం 2010 జూన్‌లో అమలులోకి వచ్చింది.

ఎడారి చిత్రాలకు గిరాకీ పెరిగేకొద్దీ మరో సమస్య బయటపడింది. గ్యాలరీలకూ కొనుగోలుదారులకూ ‘అసలైన’ ఆదివాసీ అంటే దూరపు ఎడారిలో చుక్కల బొమ్మ వేసే మనిషి. మరి నగరంలో పుట్టి, ఆర్ట్ కాలేజీలో చదివి, ఫోటోలతోనూ అక్షరాలతోనూ పనిచేసే ఆదివాసీ ఎవరు? డెస్టినీ డీకన్ 1991లో ‘బ్లాక్’ అనే ఇంగ్లీషు మాట నుంచి ‘సి’ అక్షరాన్ని తీసేసి తన పనికి పేరుగా పెట్టుకున్నారు. తెల్లవారు తిట్టుగా వాడిన మాటను విరిచి తమదిగా చేసుకున్న ఆ రూపం ఈనాడు ఆస్ట్రేలియా అంతటా వాడుకలో ఉంది. రిచర్డ్ బెల్ 2003లో ఆదివాసీ కళకు ఇచ్చే జాతీయ పురస్కారాన్ని గెలుచుకున్న చిత్రం మీద పెద్ద అక్షరాలతో ఉన్న వాక్యం ఇది: ఆదివాసీ కళ తెల్లవాళ్ళ వ్యవహారం. వేసేది ఆదివాసులే అయినా, ఏది మంచిదో ఎంతకు అమ్మాలో నిర్ణయించేది ఎవరని ఆయన ప్రశ్న. 1972లో కాన్‌బెర్రా పార్లమెంటు ఎదుట భూమిహక్కుల కోసం వేసిన గుడారాన్ని తలపించే ఆయన ‘ఎంబసీ’ని 2023లో టేట్ మోడర్న్ నడిమి హాల్లో ఎత్తారు.

లండన్ పేరు వచ్చింది కాబట్టి, అక్కడి నల్లజాతి కళాకారుల అనుభవాన్నీ తలచుకోవాలి, ఎందుకంటే గది గురించిన ఈ వాదన అక్కడా జరిగింది. 1985లో లుబైనా హిమిద్ అనే నల్లజాతి కళాకారిణి 11 మంది నల్లజాతి, ఆసియా మహిళల పనులతో ఐసీఏ అనే ప్రసిద్ధ కళాకేంద్రంలో ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు దొరికింది నడవా గోడలు. పాల్గొన్నవారిలో శాంతినికేతన్‌లో పుట్టిన సుతపా బిశ్వాస్ ఒకరు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ‘బ్లాక్’ అనే మాటకింద ఆఫ్రికా, కరీబియన్, దక్షిణాసియా మూలాలవారు కలిసి నిలబడేవారు. హిమిద్‌కు బ్రిటన్‌లో సమకాలీన కళకు ఇచ్చే టర్నర్ బహుమతి వచ్చింది 2017లో, 63వ ఏట. పోటీకి ఉన్న 50 ఏళ్ళ వయోపరిమితిని అదే ఏడాది ఎత్తేశారు. 2025లో ఆ తొలి ప్రదర్శనకు 40 ఏళ్ళు నిండిన సందర్భంగా అదే కేంద్రం ఆమె చేతనే మళ్ళీ ప్రదర్శన పెట్టించింది. ఆ వేసవిలోనే నదికి ఆవలి ఒడ్డున ఉంగ్వరే ప్రదర్శన నడిచింది. అయినా ప్రదర్శన వేరు, కొనుగోలు వేరు. అమెరికాలో 31 మ్యూజియంల లెక్కలు తీసి చూస్తే, 2008 నుంచి 2020 దాకా జరిగిన ప్రదర్శనల్లో నల్లజాతి అమెరికన్లవి 6.3 శాతం కాగా, సేకరణకు చేర్చుకున్న పనుల్లో వారివి 2.2 శాతమే. ప్రదర్శన కొన్ని నెలల్లో ముగుస్తుంది. తరతరాలకు నిలిచేది సేకరణలో ఉన్నదే.

2023 అక్టోబరులో ఆస్ట్రేలియా ఓటర్లు, ఆదివాసుల తరఫున పార్లమెంటుకు సలహా చెప్పే సంఘానికి రాజ్యాంగంలో చోటివ్వాలన్న ప్రతిపాదనను 60 శాతం మెజారిటీతో తిరస్కరించారు. ఆరు నెలలకు, 2024 ఏప్రిల్‌లో, వెనిస్ బియన్నాలేలో ఆస్ట్రేలియా మంటపానికి గోల్డెన్ లయన్ వచ్చింది. జాతీయ మంటపాల్లో అత్యుత్తమమైనదానికి ఇచ్చే ఆ పురస్కారం ఆ దేశానికి దక్కడం అదే మొదటిసారి. తెచ్చిపెట్టినది కమిలరోయ్, బిగాంబుల్ మూలాలున్న ఆర్చీ మూర్. ఒకే దేశం ఇంట్లో వినడానికి నిరాకరించిన గొంతును బయట తన పేరున నిలబెట్టుకున్న ఈ వైరుధ్యం బాధపెట్టేది. గ్యాలరీలో దక్కే గౌరవాన్ని రాజకీయ హక్కుగా పొరబడకూడదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

‘కిత్ అండ్ కిన్’ అనే ఆ పనిలో గోడలన్నీ బడి పలకల్లా నలుపు. వాటి మీద మూర్ సుద్దముక్కతో, చేత్తో, తన వంశవృక్షం రాశారు. ‘నేను’ అన్న చిన్న గడి నుంచి మొదలై, తల్లిదండ్రులు, తాతముత్తాతలు, ఆపైన పేర్లు తెలియని చోట వరుసలు, తెల్లవారి రికార్డుల్లోని అవమానకరమైన పిలుపులు, చెరిపేసిన మూలభాషల మాటలు కలుస్తూ 65,000 ఏళ్ళు, 2,400కు పైగా తరాలు గోడలను దాటి పైకప్పు మీదికి పాకాయి. మధ్యలో అక్కడక్కడ నల్లటి ఖాళీలు ఉన్నాయి. ఊచకోత, అంటువ్యాధి, తగలబడ్డ కాగితాలు ఒక శాఖను తుంచేసిన చోట్లవి. తల్లి అక్కచెల్లెళ్ళు కూడా తల్లులే, తండ్రి అన్నదమ్ములు కూడా తండ్రులే అన్నది ఆదివాసీ వరుసల మూలసూత్రం. పెద్దమ్మ, పెదనాన్న అనే మాటల్లో అమ్మనూ నాన్ననూ దాచుకున్న తెలుగు పాఠకుడు ఆ గోడ ముందు నిలబడితే, చెట్టు ఎందుకు కొమ్మలుగా విడిపోకుండా వలలా అల్లుకుందో ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు.

గది మధ్యలో నీటిమడుగు, దాని మీద తెల్లటి బల్ల, బల్ల నిండా కాగితాల దొంతరలు. 500కు పైగా ఉన్న ఆ దొంతరల్లో ఎక్కువభాగం పోలీసుల, జైళ్ళ నిర్బంధంలో చనిపోయిన ఆదివాసుల మరణ విచారణ నివేదికలు. చనిపోయినవారి పేర్లు కనపడకుండా నల్లసిరాతో కప్పారు. నిర్బంధ మరణాల మీద ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం 99 చావులను విచారించి 1991లో 339 సిఫారసులు చేసింది. దొంతరలుగా పేర్చినవి ఆ తరువాతి చావులు. జనాభాలో 4 శాతం కూడా లేని ఆదివాసులు దేశపు జైళ్ళలో మూడోవంతుకు పైగా ఉన్నారు. చదవాలని ముందుకు వంగినా మడుగు అడ్డం, చేతికి అందవు. నీళ్ళలో మాత్రం గోడ మీది పేర్ల నీడ కదులుతూ ఉంటుంది.

ఆస్ట్రేలియా ప్రభుత్వ కళాసంస్థ ఈ పనిని బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీకీ లండన్ టేట్‌కూ కలిపి కానుకగా ఇచ్చింది. బల్లనూ కాగితాలనూ పెట్టెల్లో సర్ది పంపవచ్చు. సుద్దతో గోడ మీద రాసినదాన్ని అలా పంపలేరు. ఎక్కడ ప్రదర్శించాలన్నా గోడలకు మళ్ళీ నల్లరంగు వేసి, ఒక మనిషి సుద్దముక్క పట్టుకుని, ‘నేను’ దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క పూర్వీకుడినీ మళ్ళీ పేరుపెట్టి రాయాలి.